ఇంట్లో కట్టుకునే ఫ్లో బెంచ్‌కి ఏ మోటార్ తీసుకోవాలి?

ఫ్లో బెంచ్ అంటే సిలిండర్ హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పై భాగం) గుండా ఎంత గాలి పోతుందో కొలిచే పెట్టె; ఆ గాలిని లాగేది వాక్యూమ్ మోటార్. ఆ మోటార్ కోసం వెతికితే ముందు కంటబడేవి మూడు అంకెలు: వాట్లు, గరిష్ఠ సక్షన్, గరిష్ఠ గాలి. ఫ్లో బెంచ్ కట్టుకుందామనుకునేవాళ్లు చాలామంది ఈ మూడూ చూసే డబ్బు పెట్టేస్తారు. నేనూ అలాగే రెండు మోటార్లు కొన్నాను. పెట్టె బిగించి, సిలిండర్ హెడ్ ఎక్కించి, ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా తెరిస్తే మానోమీటర్‌లో, అంటే ఒత్తిడిని నీటి మట్టంగా చూపే గొట్టంలో, నీరు 17 అంగుళాల దగ్గర ఆగిపోయింది. నాకు కావలసింది 28. లీకులేమో అని రెండు రోజులు వెతికాను. లీకులు లేవు. మోటార్లలోనూ లోపం లేదు. నేను చూసి కొన్న అంకెలకూ బెంచ్ చేసే పనికీ సంబంధం లేదని అప్పుడు అర్థమైంది.

గరిష్ఠ సక్షన్ అంటే మోటార్ నోరు పూర్తిగా మూసినప్పుడు వచ్చే ఒత్తిడి. అప్పుడు గాలి కదలదు. గరిష్ఠ గాలి అంటే నోరు బార్లా తెరిచినప్పుడు పోయే గాలి. అప్పుడు ఒత్తిడి దాదాపు ఉండదు. బెంచ్ పనిచేసేది ఈ రెండింటి మధ్య ఎక్కడో. ఇక వాట్లు అనేవి మోటార్ తీసుకునే కరెంటు లెక్క; అందులో గాలికి చేరేది సగం కూడా ఉండదు.

అందుకే మోటార్ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: నా బెంచ్ మొత్తం ఒత్తిడి దగ్గర ఈ మోటార్ ఎంత గాలి లాగుతుంది? మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక్కడ ఒత్తిడిని అంగుళాల్లో చెప్పినచోటల్లా అవి నీటి మట్టం అంగుళాలు. 28 అంగుళాలు అంటే సుమారు 7 కిలోపాస్కల్స్. గాలిని సీఎఫ్‌ఎంలో, అంటే నిమిషానికి ఇన్ని ఘనపు అడుగులని చెబుతున్నాను. 1 సీఎఫ్‌ఎం గంటకు 1.7 ఘనపు మీటర్లతో సమానం.

## ముందు మీ అవసరం లెక్క కట్టుకోండి

మీరు పరీక్షించే హెడ్ ఎంత గాలి వదులుతుందో ఉజ్జాయింపుగా తెలియాలి. పోర్టింగ్ చేసేవాళ్లు, అంటే హెడ్‌లోని గాలి దారులను (పోర్టులను) చెక్కి పెంచేవాళ్లు, ఎప్పటినుంచో వాడే సూత్రం ఒకటుంది: 28 అంగుళాల దగ్గర ఒక సిలిండర్ పోర్ట్ వదిలే సీఎఫ్‌ఎంని 0.257తో గుణిస్తే ఆ సిలిండర్ ఇవ్వగల హార్స్‌పవర్ వస్తుంది. మనం దాన్ని తిరగేసి వాడుకుందాం. సిలిండర్‌కి 15 హార్స్‌పవర్ ఇచ్చే బైక్ ఇంజిన్ అయితే 15ని 0.257తో భాగిస్తే 58 సీఎఫ్‌ఎం. సిలిండర్‌కి 25 అయితే 97. సిలిండర్‌కి 50 ఇచ్చే పెద్ద ఇంజిన్ అయితే 195.

ఈ సూత్రం బాగా ట్యూన్ చేసిన పోటీ ఇంజిన్లకు సరిగ్గా సరిపోతుంది. మామూలు రోడ్డు బండి తన హెడ్ ఇవ్వగలిగినదంతా వాడుకోదు. కాబట్టి దాని హెడ్ ఈ లెక్క చెప్పినదానికంటే ఎక్కువ గాలే వదులుతుంది. పైగా మీరు పోర్ట్ పెంచబోతున్నారు. రోడ్డు బండి హెడ్లకు 50 శాతం, పోటీ హెడ్లకు 25 శాతం కలుపుకోండి. అప్పుడు పై మూడింటికీ సుమారు 90, 145, 245 సీఎఫ్‌ఎం వస్తాయి.

రెండో అంకె మొత్తం ఒత్తిడి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. హెడ్ మీద 28 అంగుళాలు కావాలంటే మోటార్ 28 లాగితే చాలనుకుంటారు. కానీ గాలి హెడ్ దాటాక ఓరిఫైస్ గుండా, అంటే గాలిని కొలిచే రంధ్రం గుండా కూడా పోవాలి. అక్కడ బెంచ్ డిజైన్‌ని బట్టి 6 నుంచి 16 అంగుళాల దాకా ఖర్చవుతుంది. పైపులు, మలుపులు, వాల్వులు మరో ఐదారు తింటాయి. 28, 16, 6 కలిపితే 50. మోటార్ దగ్గర నిజంగా ఉండాల్సింది ఈ 50 అంగుళాలు.

## 10 అంగుళాలా, 28 అంగుళాలా?

మోటార్ కొనకముందే తేల్చుకోవాల్సింది ఇది. ఎన్ని మోటార్లు కావాలో చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది.

గాలి ఒత్తిడికి వర్గమూలంగా పెరుగుతుంది. ఒకే పోర్ట్ 10 అంగుళాల దగ్గర 100 సీఎఫ్‌ఎం వదిలితే 28 దగ్గర 167 వదులుతుంది. గాలీ పెరిగింది, ఒత్తిడీ పెరిగింది. రెండూ గుణించుకుంటే కావలసిన శక్తి 4.7 రెట్లు. ఎక్కువ ఒత్తిడి దగ్గర ఒక్కో మోటార్ గాలికిచ్చే శక్తి కూడా కొంత పెరుగుతుంది. అయినా పరీక్ష ఒత్తిడిని 10 నుంచి 28కి మార్చడమంటే ఒక మోటార్ సరిపోయే చోట రెండో మూడో పెట్టాల్సి రావడం.

28 వైపు మొగ్గడానికి న్యాయమైన కారణాలున్నాయి. ఇతరులు ప్రకటించే అంకెలు ఎక్కువగా 28 దగ్గరివే, పోల్చుకోవడం తేలిక. ఒత్తిడి పెరిగితే పోర్ట్‌లో గాలి వేగం పెరుగుతుంది. లోపలి మలుపు దగ్గర గాలి గోడను వదిలేసి చెదిరిపోయే పోర్ట్ అయితే ఆ లోపం ఎక్కువ వేగంలోనే బయటపడొచ్చు. 10 దగ్గర చక్కగా కనిపించిన పోర్ట్ 28 దగ్గర గరగరమని మొరాయించడం నేను చూశాను.

అయినా ఒకే బైక్ హెడ్‌ని పని ముందు, పని తర్వాత పోల్చుకోవడమే మీ అవసరమైతే 10 లేదా 15 అంగుళాల బెంచ్ మీకు నిజమే చెబుతుంది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మోటార్ కొలవదు. కొలిచేవి ఓరిఫైస్, మానోమీటర్. మోటార్ చిన్నదైనంత మాత్రాన కొలత తప్పు కాదు. ఒత్తిడి నిలకడగా ఉంటే చాలు.

## మోటార్ షీట్ ఎలా చదవాలి

మంచి తయారీదారులు ప్రతి మోటార్‌కీ ఒక పట్టిక ఇస్తారు. మోటార్ నోటి ముందు రకరకాల సైజుల రంధ్రాలు పెట్టి, ఒక్కోదాని దగ్గర ఒత్తిడి, సీఎఫ్‌ఎం, ఆంపియర్లు, వేగం రాస్తారు. ఆ పట్టిక దొరికితే ఇక ఆలోచించక్కర్లేదు. మీ మొత్తం ఒత్తిడి ఉన్న వరుస దగ్గర వేలు పెట్టి పక్కనున్న సీఎఫ్‌ఎం చదవండి.

పట్టిక లేదు, గరిష్ఠ అంకెలు రెండే ఉన్నాయి అనుకుందాం. కాగితం మీద ఆ రెండు బిందువులూ పెట్టి గీత కలిపేయండి. అంటే గాలి = గరిష్ఠ గాలి × (1 – మీ ఒత్తిడి ÷ గరిష్ఠ సక్షన్). అసలు మోటార్ వంపు సాధారణంగా ఈ గీతకి కాస్త పైనే ఉంటుంది. కాబట్టి ఈ లెక్క మిమ్మల్ని సురక్షితమైన వైపే ఉంచుతుంది.

కొన్ని షీట్లలో ఎయిర్ వాట్లు ఇస్తారు. అది గాలికి చేరిన అసలు శక్తి. ఎయిర్ వాట్లను 8.5తో గుణించి అంగుళాలతో భాగిస్తే సీఎఫ్‌ఎం వస్తుంది. 400 ఎయిర్ వాట్ల మోటార్ 50 అంగుళాల దగ్గర 68 సీఎఫ్‌ఎం. కాకపోతే షీట్ మీద రాసేది శిఖరం విలువ. మీ ఒత్తిడి ఆ శిఖరానికి దూరంగా ఉంటే అంత రాదు.

స్టేజ్ అనే మాట కూడా ఇక్కడే. ఒకే షాఫ్ట్ మీద ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న ఫ్యాన్ల సంఖ్య అది. స్టేజులు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, తెరిచినప్పటి గాలి కొంచెం తగ్గుతుంది. ఉదాహరణకి మూడు రకాల మోటార్లను గీత లెక్కతో చూద్దాం. ఇవి ఏ ఒక్క మోడల్‌వీ కావు, ఆయా రకాల్లో తరచుగా కనిపించే స్థాయి అంకెలు.

| రకం | గరిష్ఠ గాలి | గరిష్ఠ సక్షన్ | 20 అంగుళాల దగ్గర | 50 అంగుళాల దగ్గర |
|---|---|---|---|---|
| ఒక స్టేజ్ | 110 సీఎఫ్‌ఎం | 80 అంగుళాలు | 82 | 41 |
| రెండు స్టేజులు | 105 సీఎఫ్‌ఎం | 110 అంగుళాలు | 86 | 57 |
| మూడు స్టేజులు | 95 సీఎఫ్‌ఎం | 140 అంగుళాలు | 81 | 61 |

20 అంగుళాల వరుసలో మూడింటికీ తేడా లేదు. 10 అంగుళాల పరీక్షకి ఓరిఫైస్, పైపులు కలుపుకుంటే మొత్తం ఒత్తిడి 20 దరిదాపుల్లోనే ఉంటుంది, కాబట్టి ఆ పరీక్ష చేసేవాళ్లు ఒక స్టేజ్ మోటార్ నిశ్చింతగా తీసుకోవచ్చు. 50 దగ్గర ఒక స్టేజ్ మోటార్ చతికిలపడింది. రెండుకీ మూడుకీ మధ్య మాత్రం తేడా నాలుగే. అందుకే 28 అంగుళాల బెంచ్‌కి నేను రెండు స్టేజుల మోటార్ వైపే మొగ్గుతాను. మూడు స్టేజులవి అంతే తేలికగా దొరికితే అవీ మంచివే, వాటి కోసం ప్రత్యేకంగా వేటాడక్కర్లేదు.

## ఇంటి వాక్యూమ్ క్లీనర్ మోటార్

సులువుగా దొరికేది ఇదే. పాడైపోయిన క్లీనర్‌లో కూడా మోటార్ బాగానే ఉండొచ్చు. ఇవి ఎక్కువగా త్రూ-ఫ్లో రకం: పీల్చిన గాలే మోటార్ చుట్టల మీదుగా పోయి దాన్ని చల్లబరుస్తుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు అది తెలివైన ఏర్పాటు. బెంచ్ మీద అదే ఇబ్బంది పెడుతుంది.

వాల్వ్‌ని 1 మిల్లీమీటర్ మాత్రమే ఎత్తి కొలిచే సమయం గుర్తు చేసుకోండి. గాలి చాలా తక్కువగా పోతుంది. త్రూ-ఫ్లో మోటార్‌కి ఊపిరి అందదు. పైగా లోడ్ తగ్గడంతో ఈ యూనివర్సల్ మోటార్ల వేగం ఇంకా పెరుగుతుంది. మామూలుగానే నిమిషానికి 20,000 తిరుగుళ్లు దాటే మోటార్ అది. అలా పదేసి నిమిషాలు నడిపితే కాలిన వాసన రావడం ఖాయం. దీనికి మందు ఉంది: బ్లీడ్ వాల్వ్, అంటే బయటి గాలిని నేరుగా మోటార్ పెట్టెలోకి వదిలే వాల్వ్. దాన్ని ఎంత తెరిస్తే హెడ్ మీద ఒత్తిడి అంత తగ్గుతుంది, మోటార్‌కి గాలీ అందుతుంది.

రెండో ఇబ్బంది ఎగ్జాస్ట్ పోర్ట్ పరీక్షలో వస్తుంది. అప్పుడు మోటార్ గాలిని హెడ్ గుండా ఊదాలి. త్రూ-ఫ్లో మోటార్ తీసుకున్న కరెంటంతా వేడిగా మారి ఆ గాలిలోకే చేరుతుంది. 1,200 వాట్ల మోటార్, 70 సీఎఫ్‌ఎం గాలి అయితే ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది. ఓరిఫైస్ దగ్గరా హెడ్ దగ్గరా ఒకే వేడి ఉంటే లెక్క పెద్దగా చెడదు. ఆ రెండింటి మధ్య 30 డిగ్రీల తేడా ఉంటే కొలత దాదాపు 5 శాతం తప్పుతుంది. పోర్టింగ్‌లో మీరు రోజంతా కష్టపడి సాధించే లాభం కూడా ఒక్కోసారి అంతే ఉంటుంది. మోటార్ తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల నుంచి రాలే పొడి కూడా అదే గాలితో వస్తుంది.

ఇన్‌టేక్ ఒక్కటే చూసేవాళ్లకి, తక్కువ ఒత్తిడి బెంచ్‌కి, నేర్చుకోవడానికి కట్టే మొదటి బెంచ్‌కి ఇవి సరిపోతాయి. అంతకు మించి వీటి మీద పెద్ద బెంచ్ కట్టవద్దనే నా సలహా.

## బైపాస్ మోటార్

నీళ్లు కూడా పీల్చే వాక్యూమ్ క్లీనర్లలో ఉండేది ఈ రకం. తడి గాలి కరెంటు చుట్టలకి తగలకూడదు కాబట్టి మోటార్‌ని చల్లబరచడానికి పైన విడిగా ఒక చిన్న ఫ్యాన్ ఉంటుంది. పని గాలి ఒక దారిన, చల్లబరిచే గాలి ఇంకో దారిన పోతాయి. బెంచ్‌కి కావలసింది సరిగ్గా ఈ గుణమే. వాల్వ్ మూసి ఉన్నా, తెరిచి ఉన్నా మోటార్ చల్లగానే ఉంటుంది. కార్బన్ పొడి పని గాలిలో కలవదు. గాలి వేడెక్కడం కూడా తగ్గుతుంది: మోటార్ చుట్టల వేడి వేరే దారిన పోతుంది కాబట్టి పై ఉదాహరణలో 30 డిగ్రీలకి బదులు సుమారు 20 ఉంటుంది.

అయితే ఈ లాభం మీరు పెట్టె ఎలా కడతారన్న దాని మీదే నిలబడుతుంది. బైపాస్ మోటార్లను తెచ్చి మూసిన పెట్టెలో పెట్టేసి, చల్లబరిచే గాలికి దారి ఇవ్వకపోతే త్రూ-ఫ్లో మోటార్‌కి పట్టిన గతే వీటికీ పడుతుంది. ఫ్యాన్ భాగం పెట్టెలో ఒక గదిలో, మోటార్ తల ఇంకో గదిలో ఉండాలి. మధ్య చెక్కకి రబ్బరు గ్యాస్కెట్ కావాలి. మోటార్ తలలున్న గదికి బయటి గాలి లోపలికి రావడానికి, వేడి గాలి బయటికి పోవడానికి వేర్వేరు కిటికీలు పెట్టాలి. వేడి గాలి మళ్లీ లోపలికే చుట్టి రాకుండా వాటిని ఎదురెదురుగా పెట్టండి.

బైపాస్‌లోనే రెండు రూపాలున్నాయి. ఒకదానిలో గాలి ఫ్యాన్ చుట్టూ అన్ని వైపులా బయటికి వస్తుంది. ఇన్‌టేక్ మాత్రమే చూసేవాళ్లకి దానితో ఇబ్బంది లేదు. ఇంకోదానిలో పక్కకి ఒక గొట్టం ఉంటుంది, గాలంతా దాని గుండానే వస్తుంది. ఎగ్జాస్ట్ కూడా పరీక్షించాలంటే ఈ పక్క గొట్టం మోటార్ తీసుకోండి. మొదటి రకంతోనూ చేయొచ్చు గానీ గాలి బయటికొచ్చే గదిని కూడా లీకు లేకుండా కట్టాలి, పని రెట్టింపు అవుతుంది.

ఇంటి మొత్తానికి ఒకే చోట బిగించే సెంట్రల్ వాక్యూమ్‌లలో ఇదే జాతి మోటార్లు ఇంకా పెద్ద సైజులో దొరుకుతాయి. మామూలు మోటార్ ఫ్యాన్ వ్యాసం 145 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే ఇవి 183 దాకా ఉంటాయి. ఎక్కువ కాలం మన్నేలా చేస్తారు. నాలుగు చిన్న మోటార్ల పని మూడు చేసేస్తే వైరింగ్, పెట్టె రెండూ తేలికవుతాయి. నాకు మళ్లీ మొదటినుంచి కట్టే అవకాశం వస్తే పక్క గొట్టమున్న రెండు స్టేజుల సెంట్రల్ వాక్యూమ్ మోటార్లతోనే మొదలుపెడతాను.

అన్నిటికీ ఉన్న బలహీనత కార్బన్ బ్రష్‌లు. ఇవి కొన్ని వందల గంటల్లో అరిగిపోతాయి. ఇంటి బెంచ్ వారానికి రెండు మూడు గంటలే నడుస్తుంది కాబట్టి అది ఏళ్ల తరబడి సరిపోతుంది. బ్రష్‌లు మార్చుకునే వీలున్న మోటారే తీసుకోండి, ఒక జత విడిగా దాచుకోండి.

## రింగ్ బ్లోయర్, పెద్ద ఫ్యాన్, ఆకులు ఊదే యంత్రం

రింగ్ బ్లోయర్‌లో బ్రష్‌లు ఉండవు. ఇండక్షన్ మోటార్ మీద నడుస్తుంది, వేల గంటలు మన్నుతుంది, ఒత్తిడి రాయిలా నిలకడగా ఉంటుంది. వేగం మార్చే డ్రైవ్ జోడిస్తే ఒక గుండీ తిప్పి ఒత్తిడి సరిచేసుకోవచ్చు. రోజూ హెడ్లు చేసే వర్క్‌షాప్‌కి ఇది చాలా మంచి ఎంపిక. కానీ బరువు, ఖరీదు ఎక్కువ. అదే శక్తికి గాలి కూడా తక్కువే ఇస్తుంది. 2.2 కిలోవాట్ల తరగతి బ్లోయర్ తెరిచి ఉంచినప్పుడు గంటకు సుమారు 300 ఘనపు మీటర్లు, అంటే 180 సీఎఫ్‌ఎం దరిదాపుల్లో ఇస్తుంది. 50 అంగుళాల లోడ్ మీద అది బాగా తగ్గిపోతుంది. ఒక్క బ్లోయర్‌తో చిన్న హెడ్లు అవుతాయి, పెద్దవి కావు.

పరిశ్రమల్లో వాడే పెద్ద సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ గాలి విషయంలో అన్నిటినీ మించిపోతుంది. కానీ నిమిషానికి 2,900 తిరుగుళ్ల మోటార్‌తో 50 అంగుళాలు రావాలంటే ఫ్యాన్ చక్రం వ్యాసం 80 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. దాని అంచు సెకనుకు 120 మీటర్ల పైగా వేగంతో తిరుగుతుంది. బ్యాలెన్స్ చేసి పరీక్షించిన యూనిట్ దొరికి, త్రీ ఫేజ్ కరెంటు, స్థలం ఉంటే ఆలోచించండి. ఆ చక్రాన్ని మాత్రం ఇంట్లో వెల్డింగ్ చేసి తయారుచేయకండి. అది విరిగితే మనిషి ప్రాణం పోతుంది.

ఆకులు ఊదే యంత్రాల గాలి అంకెలు చూసి ఆశపడకండి. వాటి గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. 28 అంగుళాల బెంచ్‌కి అవి చాలవు.

## ఎన్ని మోటార్లు, ఎలా కలపాలి

మోటార్లను పక్కపక్కన పెడితే గాలి కలుస్తుంది, ఒత్తిడి పెరగదు. ఒకదాని వెనుక ఒకటి పెడితే ఒత్తిడి కలుస్తుంది, గాలి పెరగదు. బెంచ్‌కి కావలసింది మొదటిదే. మోటార్లు అన్నీ ఒకే మోడల్ అయితే మంచిది. వేర్వేరువి కలిపితే ఒత్తిడి పెరిగేకొద్దీ బలహీనమైన మోటార్ వాటా తగ్గిపోతూ, అది కరెంటు తీసుకుంటుంది గానీ పని చేయదు.

ప్రతి మోటార్‌కీ విడి స్విచ్ పెట్టండి. చిన్న పోర్ట్‌కి ఒక మోటార్, పెద్దదానికి నాలుగు వేసుకోవచ్చు. అయితే ఆపి ఉన్న మోటార్ నోరు తెరిచే ఉంటుంది కదా, దాని గుండా బయటి గాలి వెనక్కి దూరిపోతుంది. ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంటుంది; అలా తిరుగుతుండగా స్విచ్ వేస్తే కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ఒక్కో మోటార్ నోటి దగ్గర రబ్బరు షీట్‌తో తలుపు లాంటిది బిగిస్తే ఈ రెండు సమస్యలూ తీరతాయి. మోటార్ నడిస్తే అది తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది.

ఒత్తిడిని సన్నగా సరిచేయడానికి బ్లీడ్ వాల్వ్ చాలు. ట్రయాక్ రెగ్యులేటర్‌తో వేగం తగ్గించే పద్ధతీ ఉంది, ఈ మోటార్లు దాన్ని ఒప్పుకుంటాయి. అన్నిటికీ రెగ్యులేటర్ పెట్టడం కంటే ఒక్క మోటార్‌కే పెట్టి, మిగతావి స్విచ్‌లతో వేయడం నాకు బాగా కుదిరింది. రెగ్యులేటర్ కెపాసిటీ మోటార్ ఆంపియర్లకు రెట్టింపు ఉండాలి.

ఇక కరెంటు. 230 వోల్టుల మీద 1,200 వాట్ల మోటార్ 5.2 ఆంపియర్లు తీసుకుంటుంది. మూడు వేస్తే 16 దగ్గరికి వస్తుంది. ఒకే ప్లగ్‌కి అదే హద్దు అనుకోండి. 120 వోల్టులయితే ఒక్కోటి 10 ఆంపియర్లు, మోటార్‌కో సర్క్యూట్ కావాలి. మూడు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి విడి లైన్లు వేయించుకోండి. అన్నిటినీ ఒకేసారి స్టార్ట్ చేయకండి, ఒకటి వేసి రెండు సెకన్లు ఆగి ఇంకోటి వేయండి. ప్రతి మోటార్ లోహపు భాగానికీ ఎర్త్ ఉండాలి. చెవులకి రక్షణ లేకుండా బెంచ్ దగ్గర నిలబడవద్దు. నాలుగు మోటార్ల కూత ఒక సాయంత్రంలోనే వినికిడికి హాని చేస్తుంది.

## మీ పరిస్థితికి ఏది

| ఎవరికి | హెడ్ అవసరం, 28 దగ్గర | 10 అంగుళాల బెంచ్ | 28 అంగుళాల బెంచ్ |
|---|---|---|---|
| ఒక సిలిండర్ చిన్న బైకులు | 90 సీఎఫ్‌ఎం | ఒక మోటార్, ఏ రకమైనా | రెండు స్టేజుల బైపాస్ 2 |
| నాలుగు సిలిండర్ల మామూలు కార్లు | 145 సీఎఫ్‌ఎం | 2 మోటార్లు | రెండు స్టేజుల బైపాస్ 3 |
| పోటీ ఇంజిన్లు, పెద్ద పోర్టులు | 245 సీఎఫ్‌ఎం | 2 లేదా 3 మోటార్లు | రెండు స్టేజుల బైపాస్ 5 లేదా 6 |

కేవలం సొంత బైక్ కోసం కడుతుంటే పైవరుస దాటకండి. డబ్బు మానోమీటర్ మీద, ఓరిఫైస్ ప్లేట్ నాణ్యత మీద పెట్టండి. రేపు కార్ హెడ్లు కూడా వస్తాయేమో అనే సందేహం ఉంటే రెండు మోటార్లే కొని, పెట్టెలో మాత్రం నాలుగింటికి రంధ్రాలు కోసి, రెండింటికి మూత వేసి ఉంచండి. పెట్టె కోసేటప్పుడు ఇది గంట పని. అంతా బిగించాక చేయాలంటే బెంచ్ మొత్తం విప్పాలి.

మధ్యవరుసవాళ్లది కష్టమైన నిర్ణయం. మూడు మోటార్లు ఒక ప్లగ్ హద్దు మీదే ఉంటాయి, 28 అంగుళాలు వస్తాయి గానీ పెద్ద పోర్ట్ ఎదురైతే మిగులు ఉండదు. నేనైతే ఇక్కడ రాజీ పడి 20 అంగుళాల దగ్గర పరీక్షించి, వచ్చిన సీఎఫ్‌ఎంని 1.18తో గుణించి 28కి మార్చుకుంటాను. ఇతరుల అంకెలతో పోల్చడానికి అది చాలు.

మూడో వరుసలో రోజూ పని చేసేవాళ్లు ఐదారు మోటార్ల ఖర్చు, విడి లైన్లు, బ్రష్‌లు అన్నీ కలిపి లెక్కేసి, దాన్ని త్రీ ఫేజ్ బ్లోయర్ల ధరతో పక్కపక్కన పెట్టి చూడండి. వారానికి ఒక రోజు చేసేవాళ్లకి మోటార్లే లాభం. రోజుకి ఆరు గంటలు నడిపేవాళ్లకి అలా ఉండకపోవచ్చు.

## మోటార్ చేతికొచ్చాక

పాతది కొన్నట్లయితే షాఫ్ట్‌ని వేలితో తిప్పి చూడండి. గరగర వినిపిస్తే బేరింగ్ పోయినట్టే. బ్రష్ తీసి ఎంత మిగిలిందో, కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆని ఉండే రాగి భాగం) మీద గాడి పడిందో లేదో చూడండి. కొత్త బ్రష్‌లు వేస్తే నేరుగా పూర్తి వోల్టేజ్ ఇవ్వకండి. ఒకేలాంటి రెండు మోటార్లను సిరీస్‌లో కలిపితే ఒక్కోదానికి సగం వోల్టేజ్ వస్తుంది. అలా అరగంట నడిపితే బ్రష్‌లు చక్కగా కూర్చుంటాయి.

తర్వాత అసలు పరీక్ష. ఒక చిన్న గట్టి పెట్టెకి మోటార్ బిగించి, ఎదుటి వైపు పలచటి రేకులో 22 మిల్లీమీటర్ల రంధ్రం పదునైన అంచుతో చేయండి. పెట్టెకి మానోమీటర్ గొట్టం కలపండి. 50 అంగుళాలంటే 127 సెంటీమీటర్లు, కాబట్టి యూ ఆకారం గొట్టం ఒక్కో కాలు మీటరున్నర ఉంటే ఇబ్బంది ఉండదు. ఆ రంధ్రం మీద మోటార్ 50 అంగుళాలు నిలబెడితే అది సుమారు 70 సీఎఫ్‌ఎం లాగుతున్నట్టు. 36 దగ్గరే ఆగిపోతే ఆ ఒత్తిడిలో 60 మాత్రమే లాగుతోంది, 50 దగ్గర ఇంకా తక్కువ. కొన్న మోటార్లన్నిటినీ ఇదే రంధ్రం మీద వరుసగా పెట్టి అంకె రాసుకోండి. ఏది మిగతావాటికంటే నాలుగైదు అంగుళాలు వెనకబడిందో దాన్ని పెట్టెలో బిగించకముందే వెనక్కి ఇచ్చేయండి.